ఖాళీయే అన్నా తెరిచి చూడాలి

విశాఖపట్నంలో తుపాకీ పట్టుకున్న మనిషి కనబడని రోజు ఉండదు. 1933లో మొదలైన ఓడరేవుకూ, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారానికీ సీఐఎస్ఎఫ్ కాపలా. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే. బ్యాంకు గుమ్మాల దగ్గర, ఏటీఎంలకు డబ్బు తీసుకెళ్లే వ్యాన్ల పక్కన డబుల్ బ్యారెల్ తుపాకీతో గార్డులు నిలబడి ఉంటారు. పోలీసు శాఖలో, సైన్యంలో, కేంద్ర బలగాల్లో చేసి రిటైరైనవాళ్లకూ ఈ ఊళ్లో కొదవలేదు. తుపాకీ భద్రత నేర్పే పని వీళ్ల చేతికి రావాలి. ఎందుకో చెప్పాలంటే ముందు వాళ్లు పెరిగిన క్రమశిక్షణ చూడాలి.

పోలీసుల ఆయుధాగారాన్ని బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. అక్కడ ప్రతి తుపాకీకీ నంబరు, ప్రతి తూటాకూ లెక్క. తీసుకున్నప్పుడు రిజిస్టరులో సంతకం, తిరిగి ఇచ్చేటప్పుడు తెరిచి చూపించడం. ఏటా జరిగే కాల్పుల సాధనలో (మస్కటరీలో) పేల్చిన తూటాల ఖాళీ గుల్లలను కూడా ఏరి అప్పజెప్పాలి. ఏళ్ల తరబడి ఇలా ఆయుధాలు చూసుకున్న ఆర్మరర్‌కు జాగ్రత్త అనేది చేతుల్లోకి దిగిపోయి ఉంటుంది.

పిస్టల్ ఖాళీ చేసే తీరే చూడండి. తుపాకీ మూతి, అంటే మజిల్, ఇసుక పెట్టె వైపు ఉండాలి. చూపుడు వేలు ట్రిగ్గర్‌కు దూరంగా, ఫ్రేమ్ పొడవునా చాచి ఉండాలి. ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ లాగాలి. ఈ వరస తారుమారైతే స్లైడ్ లాగినప్పుడు ఛాంబర్‌లోని తూటా బయటపడుతుంది. వదలగానే మ్యాగజైన్‌లోంచి ఇంకొకటి లోపలికెక్కుతుంది. ఆపైన మ్యాగజైన్ తీసినవాడు పని అయిపోయిందనుకుంటాడు, తూటా మాత్రం ఛాంబర్‌లోనే ఉంటుంది. ప్రాణం పోవడానికి ఈ ఒక్క పొరపాటు చాలు. అందుకే స్లైడ్‌ను వెనక్కి నిలిపి ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, చీకటైతే చిటికెన వేలితో తడమాలి, పక్కవాడికి చూపించాలి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే? కంగారుపడి తనవైపు తిప్పుకుని చూడకూడదు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు కాబట్టి మజిల్‌ను టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. శబ్దం మరీ బలహీనంగా వస్తే గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. అప్పుడు రెండో తూటా పేలిస్తే బ్యారెల్ పగిలిపోవచ్చు.

విశాఖకు ప్రత్యేకమైన పాఠాలూ ఉన్నాయి. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కాబట్టి పుల్‌త్రూ తాడుతో బ్యారెల్ తుడవడం, పల్చగా నూనె రాయడం ఇక్కడ మరింత తరచుగా జరగాలి. ఉక్కు పలకలు, కంటైనర్లు, నీటి ఉపరితలం గుండును ఎటుబడితే అటు మళ్లిస్తాయి. పాయింట్ టూటూ గుండు కూడా కిలోమీటరుకు పైగా పోగలదు. టార్గెట్ వెనక ఏముందో తెలియకుండా తుపాకీ ఎత్తకూడదు.

చట్టం కూడా శిక్షణను కోరుతోంది. 2016 ఆయుధాల నిబంధనలు లైసెన్సు కోరేవారికి భద్రతా శిక్షణ ఉండాలన్నాయి. పట్టుకోవడం, మోయడం, శుభ్రం చేయడం, దాచడం అందులో పాఠాలు. వేడుకల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని 2019 సవరణ చెప్పింది. సెక్యూరిటీ గార్డులకు 2006 కేంద్ర నమూనా నిబంధనలు 100 గంటల తరగతులు, 60 గంటల మైదాన శిక్షణ పెట్టాయి. ఆ పాఠాల్లో ఆయుధం వాడకాన్ని మాత్రం ఐచ్ఛికంగా వదిలేశాయి. రిటైరైన పోలీసు పూరించవలసిన ఖాళీ అదే.

దాచడం గురించి మన భారతమే చెప్పింది. అజ్ఞాతవాసానికి వెళ్లే ముందు పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టు మీద పెట్టారు. పెట్టే ముందు వింటినారులు విప్పారు. తుపాకీ ఒకచోట, తూటాలు మరోచోట, తాళం తన దగ్గర అన్న నేటి నియమం సారమూ అదే. శుభ్రం చేసేటప్పుడూ అంతే జాగ్రత్త కావాలి. 2024లో అమెరికాలో చదువుకుంటున్న ఒక తెలుగు విద్యార్థి తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడని చదివి ఎన్ని ఇళ్లు తల్లడిల్లాయో! లైసెన్సు చేతికొచ్చిన రోజే నేర్పవలసిన చదువిది.

సర్వీసు చేసిన ప్రతివారూ గురువులు కాలేరు. ఓపిక కావాలి, పాత రైఫిళ్ల మీద నేర్చినవారు కొత్త పిస్టళ్లను మళ్లీ నేర్చుకోవాలి. అలాంటివారిని వెతికి గార్డులకూ, లైసెన్సుదారులకూ పాఠం చెప్పించే బాధ్యత పోలీసు శాఖ, సెక్యూరిటీ సంస్థలు తీసుకోవాలి. మన దగ్గర పెద్దవాళ్ల మాటకు ఎదురుచెప్పడం కష్టం. సూపర్‌వైజరు తుపాకీ చేతికిచ్చి "ఖాళీయేనయ్యా" అంటే కుర్ర గార్డు నమ్మేస్తాడు. "తెరిచి చూస్తానండీ" అనగలిగే ధైర్యాన్ని ఆ కుర్రవాడికి ఇచ్చినవాడే అసలైన శిక్షకుడు.