మైనం పోయిన దారి

డోక్రా బొమ్మ అంటే అందరం ఇత్తడినే చూస్తాం. నాకు అందులో మైనమే ముఖ్యమనిపిస్తుంది. ఆసిఫాబాద్ జిల్లా ఉషేగాంలో ఓజ కుటుంబాలు ముందు మట్టితో ముద్ద చేసి, దాని మీద తేనెమైనాన్ని సన్నటి దారాలుగా తీసి చుడతాయి. గుర్రం జూలు, మెడలో నగ, కంటి రెప్ప, అన్నీ ఆ మైనంతోనే. పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోతుంది. అది ఖాళీ చేసిన సందులోకి ఇత్తడి దిగుతుంది. చల్లారాక మూస పగలగొట్టాల్సిందే. రెండో బొమ్మ కావాలంటే మళ్లీ మట్టి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఈ పనికి 2018లో జీఐ గుర్తింపు వచ్చింది.

జపాన్‌లో కామకురా బుద్ధుడిదీ పోత పనే. 1252లో మొదలుపెట్టిన కంచు విగ్రహం, పదకొండు మీటర్లకు పైగా ఎత్తు. లోపలంతా గుల్ల. మనుషులు లోపలికి వెళ్లి, విడివిడిగా పోసిన భాగాలు ఎక్కడెక్కడ కలిశాయో చూడొచ్చు. చుట్టూ ఒకప్పుడు మందిరం ఉండేది, తుపాన్లు కూల్చాయి. పదిహేనో శతాబ్దం చివర సునామీ మిగిలింది కూడా తుడిచిపెట్టిందంటారు. ఆ తర్వాత కట్టలేదు. అప్పట్నుంచీ ఎండకూ వానకూ బుద్ధుడు ఆరుబయటే ఉన్నాడు. నాకు అది లోటుగా అనిపించదు.

అక్కడి బౌద్ధులు శూన్యం గురించి చెప్పేటప్పుడు తలుచుకునే గురువు నాగార్జునుడు. వాళ్లు ర్యూజు అంటారు. మన కృష్ణా లోయలోని నాగార్జునకొండ ఆయన పేరుతోనే ఉంది. శూన్యమంటే ఏమీ లేకపోవడమని ఆయన అనలేదు. ఏదీ తనంతట తాను నిలబడదు, ఇంకోదాన్ని ఆసరా చేసుకునే ఉంటుందన్నాడు. ఇత్తడి గుర్రానికి ఆ జూలు ఎక్కణ్నుంచి వచ్చిందో చూస్తే చాలు, ఈ మాట అర్థమవుతుంది.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డ వాళ్లకు ఇది ఇంకా దగ్గరి సంగతి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. గొప్ప పని, కాదనను. రాళ్లు వచ్చాయి. గుడి నిలిచిన చోటు, ఆ రెండు నదులు కలిసే చోటు, రాలేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బళ్లకు ఓజ కళాకారులను పిలిపించి, మంచి కూలి ఇచ్చి, పిల్లల ముందే పోత పోయించాలని నా కోరిక. తయారైన బొమ్మ మ్యూజియంలోనూ దొరుకుతుంది. మైనం కారేటప్పుడు మాత్రం పిల్లలు అక్కడ ఉండాలి.