రెండు పెట్టెల లేఖిని

మదనపల్లెలో మండలాఫీసుకు అర్జీ పెట్టుకోవాలన్నా, పుంగనూరులో పెళ్లిపత్రిక అచ్చు వేయించాలన్నా ముందు ఎవరో ఒకరు కూర్చుని తెలుగు టైపు చెయ్యాలి. ఆ పనిని ఎవరి చేతికైనా అందించిన లేఖిని అంటే నాకు ఎంతో ఇష్టం. వీవెన్ అనే ఆయన తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన పనిముట్టు అది. తెర మీద రెండు పెట్టెలు, అంతే. ఒకదాంట్లో ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టే కొడుతూ పోతే రెండోదాంట్లో తెలుగు పుడుతూ ఉంటుంది. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. టమాటాలోని రెండు టలకూ పెద్ద టీ. ఎల్ రెండుసార్లు కొట్టగానే మదనపల్లెకు ల వత్తు దానంతటదే కిందికి చేరుతుంది. పుంగనూరు సున్నాకు, కుప్పం సున్నాకు పెద్ద ఎమ్ చాలు. కొత్త మీటలేవీ బట్టీపట్టే పనిలేదు! అందులో వచ్చేది యూనికోడ్ తెలుగు కాబట్టి కాపీ చేసి ఫోనులో పంపినా అక్షరం చెదరదు. పాత ఫాంట్లలో కొట్టిన కాగితమైతే, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిచినప్పుడు గజిబిజి గుర్తులుగా కనిపించేది. మూడు భాషలు కలిసే కుప్పానికి అక్షరముఖ అనే మరో ఉచిత సేవ కూడా అక్కరకొస్తుంది. కన్నడం మాట వచ్చి లిపి రానివాళ్లు, కోలారు బంధువులు పంపిన నాలుగు వాక్యాలను అందులో వేస్తే అవే మాటలు తెలుగు అక్షరాల్లో కనిపిస్తాయి.