మెలికల్లోని పనితనం

మదర్‌బోర్డును దీపం కింద కాస్త ఏటవాలుగా పట్టుకుంటే ప్రాసెసర్ సాకెట్‌కూ ర్యామ్ స్లాట్లకూ మధ్య సన్నటి గీతలు కనిపిస్తాయి. పైపూత కింద ఉన్న రాగి దారులవి. వాటిలో కొన్ని తిన్నగా పోకుండా దగ్గరదగ్గరగా మెలికలు తిరుగుతాయి. ఆ మెలికలు కావాలని పెట్టినవే.

ఒక బైటులోని ఎనిమిది బిట్లు ఎనిమిది దారుల్లో బయల్దేరి దాదాపు ఒకేసారి చేరాలి. డీడీఆర్5-6400 మెమరీలో ఒక్కో బిట్‌కు దక్కే గడువు సుమారు 156 పికోసెకన్లు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. అంతసేపట్లో బోర్డు మీద సిగ్నల్ సుమారు రెండున్నర సెంటీమీటర్లే వెళ్తుంది. దారుల పొడవులో కొద్ది మిల్లీమీటర్ల తేడా వచ్చినా ఆ గడువులో కొంత హరించుకుపోతుంది. అందుకే పొట్టి దారికి మెలికలు పెట్టి పొడుగు దారితో సమానం చేస్తారు.

నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండే ర్యామ్‌లు పెడితే, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టమని మాన్యువల్ చెబుతుంది. ఎందుకో చెప్పదు. ఈసీఈ విద్యార్థిగా నాకు దాని జవాబు ట్రాన్స్‌మిషన్ లైన్ల పాఠంలో దొరికింది. చాలా బోర్డుల్లో రెండేసి స్లాట్లకు ఒక చానల్, అంటే ఒకే దారుల కట్ట ఉంటుంది; ఆ దారి దగ్గరి స్లాటును తాకి దూరపు స్లాటుకు వెళ్తుంది. దగ్గరి దాంట్లోనే ర్యామ్ పెడితే మిగిలిన ముక్క ఖాళీగా వేలాడుతుంది. దాని చివర తగిలిన సిగ్నల్ వెనక్కి తిరిగొచ్చి అసలు సిగ్నల్‌ను చెడగొడుతుంది.

నాలుగు స్లాట్లూ నింపితే భారం ఇంకా పెరుగుతుంది. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లకు రెండు ర్యామ్‌లతో డీడీఆర్5-5200 వరకు అధికారిక వేగం ఉంటే, నాలుగింటితో అది డీడీఆర్5-3600కు దిగుతుంది. బోర్డు వేసినవాళ్ల నేర్పు ఎంతున్నా, స్లాటు అనే ఏర్పాటుకే ఒక హద్దు ఉందన్నమాట.

ఆ హద్దు దాటడానికి ఒక మార్గం మెమరీని ప్రాసెసర్ పక్కకే చేర్చడం. 2020లో యాపిల్ ఎం1 చిప్ ప్యాకేజీలోనే మెమరీని పెట్టింది. దారి పొట్టిదైంది, కరెంటు ఖర్చు తగ్గింది. కానీ ఇవాళ 8 జీబీతో కొని, చేతిలో డబ్బులు ఆడినప్పుడు ఇంకో 8 జీబీ వేసుకుందామనుకునే విద్యార్థికి ఆ తలుపు మూసుకుపోయింది.

నాకు ఆశ కలిగించేది రెండో మార్గం. డెల్ మొదట తన లాప్‌టాప్‌లలో తెచ్చిన పద్ధతిని ఆధారం చేసుకుని, మెమరీ ప్రమాణాల సంస్థ జెడెక్ 2023 డిసెంబరులో క్యామ్2 ప్రమాణాన్ని ప్రకటించింది. ఇందులో ర్యామ్ నిలువుగా గుచ్చుకోదు; బోర్డు మీద బల్లపరుపుగా పడుకుంటుంది. స్క్రూలు బిగిస్తే స్పర్శబిందువులు ఒత్తుకుని కలుస్తాయి. ఒకే మాడ్యూల్ రెండు చానళ్లనూ అందించగలదు కాబట్టి వేలాడే ముక్క సమస్యా తీరుతుంది. 2024లో ఎంఎస్‌ఐ దీన్ని డెస్క్‌టాప్ బోర్డు మీద కూడా చూపించింది.

లోటు లేదని కాదు. మెమరీ పెంచాలంటే మామూలుగా పక్కన ఇంకోటి చేర్చడం ఉండదు, పాతది తీసి పెద్దది పెట్టాలి. అయినా స్క్రూ విప్పితే ఊడొస్తుంది, టంకం వేసిన చిప్ రాదు. వేగం కోసం యజమాని చేతిలోని స్క్రూడ్రైవర్‌ను లాక్కోనక్కర్లేదని ఈ డిజైన్ రుజువు చేస్తోంది. రేపటి కంప్యూటర్‌ను నేను ఈ కొలతతోనే బేరీజు వేస్తాను.