ఇంజిన్ ఆపమని అడుగుదాం

అచానక్‌మార్ అడవికి వెళ్లొచ్చామంటే చాలు, మా రైల్వే కాలనీలో ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘పులి కనిపించిందా?’ లేదంటే, పాపం డబ్బులు వృథా అయ్యాయని జాలిపడతారు. ఆ జాలి అక్కర్లేదు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో కొలువు కోసం బిలాస్‌పూర్ వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకి ఇది పెరటి అడవి. 1975లో అభయారణ్యమైంది, 2009లో టైగర్ రిజర్వ్ అయింది. సుమారు 914 చదరపు కిలోమీటర్ల ఈ సాల్ అడవికి మనియారి నది ప్రాణాధారం. ఎండలు ముదిరి నీరు తగ్గేకొద్దీ జంతువులు మడుగులు వెతుక్కుంటూ వస్తాయి. అప్పుడు మనం చేయాల్సిందల్లా జీపు ఇంజిన్ ఆపించి, నోరు మూసుకుని కూర్చోవడం.

చుక్కల దుప్పుల మందలోంచి ముందు ఒక్కటే వస్తుంది. ముంగాలు ఎత్తిపట్టి, చెవులు అటూ ఇటూ తిప్పుతుంది. అది మూతి నీళ్లలో పెట్టాకే మిగతావి దిగుతాయి. కొన్ని తాగుతుంటే కొన్ని తలెత్తి కాపలా కాస్తాయి. అనుమానం తగిలిందా, కాలితో నేలని తన్ని, తోక ఎత్తి కూత పెడతాయి. చెట్టుమీద కొండముచ్చు దగ్గినట్టు అరుస్తుంది. పులి కంటపడకపోయినా ఎటు కదులుతోందో ఆ కూతల వరసే చెబుతుంది. సిగ్నల్ చూసి ముందున్న దారిని అంచనా వేసే రైల్వేవాళ్లకి ఈ విద్య ఇట్టే పట్టుబడుతుంది.

జంతువుల దారికి అడ్డుపడకుండా వాటిని చూడటం ఎలాగో మరోచోటి నుంచీ నేర్చుకోవచ్చు. జింబాబ్వేలోని మనా పూల్స్ జాతీయ పార్కులో జాంబెజీ నదిమీద కానోల్లో తిరుగుతూ జంతువుల్ని చూస్తారు. గైడ్లు తెడ్డుతో పడవ అంచుని తడుతుంటారు. ఆ చప్పుడుకి మునిగి ఉన్న హిప్పో తల పైకెత్తుతుంది, ఎక్కడుందో తెలిసిపోతుంది. దానికీ లోతునీటికీ మధ్యకి మాత్రం పడవని పోనివ్వరు. బెదిరితే అది పరుగెత్తేది లోతుకే.

మన జీపుకీ అదే నియమం ఉండాలి. దుప్పులకీ మడుగుకీ మధ్య బండి పెడితే అవి దాహంతోనే వెనుదిరుగుతాయి. పులి చూపించమని డ్రైవర్‌ని తొందరపెట్టేది మనమే కాబట్టి, ఆ తొందర తగ్గించాల్సిందీ మనమే. ఈ వేసవిలో పిల్లలతో వెళ్తే, బండి ఎక్కేముందే గైడ్‌తో ఒక్క మాట చెప్పండి: ‘పులి వెంట పరుగులొద్దు భయ్యా, మడుగుకి దూరంగా కాసేపు ఆపండి, చాలు.’