సినిమా లేని సినిమా సంగీతం, సినిమాను దాటిన పాట

అడ్డతీగల సెంటర్లో ఆగస్టు 15కో, జులై 4న అల్లూరి జయంతికో మైకు కట్టారంటే అందులోంచి ముందుగా వచ్చే పాట ఏదో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. శ్రీశ్రీ రాయగా ఆదినారాయణరావు బాణీ కట్టి ఘంటసాల, వి. రామకృష్ణలతో పాడించిన ‘తెలుగు వీర లేవరా’. ఈ పాటకు నేను కొత్తగా చేసే పరిచయం ఏమీ ఉండదు. కాబట్టే దాని పక్కన, మనకు అంతగా అలవాటు లేని ఒక రికార్డును పెట్టి వినమంటున్నాను. అది సోవియట్ సంగీతకారుడు ద్మీత్రి షోస్తకోవిచ్ 11వ సింఫనీ. పేరు ‘1905వ సంవత్సరం’. ఒకటి మాటలతో నిండిన కొద్ది నిమిషాల పాట కాగా, మరొకటి ఒక్క మాటా లేని గంటసేపటి వాద్యసంగీతం. రెండింటినీ ఒకచోట చేర్చేది ఒక్కటే: రెండూ ఓడిపోయిన తిరుగుబాట్ల గురించినవి.

చుట్టరికం ముందుగా తేదీల్లో కనిపిస్తుంది. 1905లో, పాత రష్యన్ పంచాంగం ప్రకారం జనవరి 9, ఆదివారం నాడు పీటర్స్‌బర్గ్ కార్మికులు దేవుడి పటాలు పట్టుకుని జారుకు అర్జీ ఇవ్వడానికి రాజభవనం వైపు నడిచారు. సైన్యం కాల్చింది. ఆ రోజు మీద సింఫనీ వచ్చింది 52 ఏళ్ల తర్వాత, 1957 అక్టోబరులో. మన మన్యం 1922 ఆగస్టులో లేచింది. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడుల తర్వాత అక్టోబరు 15న అడ్డతీగల వంతు వచ్చింది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపారు. ఈ పాట ఉన్న ‘అల్లూరి సీతారామరాజు’ సినిమా వచ్చింది 1974 మే 1న. అంటే ఇక్కడా అర్ధశతాబ్దమే. చూసినవాళ్లు ఇంకా కొందరు బతికున్నారు, చూడనివాళ్లు దేశమంతా నిండిపోయారు. అక్కడ అక్టోబరు విప్లవానికి నలభయ్యో వార్షికోత్సవం, ఇక్కడ స్వాతంత్ర్యానికి పాతికేళ్లు దాటిన ముచ్చట. అక్కడిలాగే ఇక్కడా ఏలేవాళ్లు ఆ తిరుగుబాటును అప్పటికే తమ ఖాతాలో వేసుకున్నారు.

రెండింటి కిందా అప్పటికింకా ఆరని నెత్తురుంది. సింఫనీ రాయడానికి ముందే, 1956లో, సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్ వీధుల్లోకి వెళ్లాయి. నిరాయుధుల మీద కాల్పులంటే షోస్తకోవిచ్ మనసులో 1905 ఒక్కటే ఉందా అన్న వాదన ఇవాళ్టికీ తెగలేదు. ప్రభుత్వం మాత్రం 1958లో ఆ సింఫనీకే లెనిన్ బహుమతి ఇచ్చింది. అలాగే మన పాటకు ముందు శ్రీకాకుళం ఏజెన్సీ తిరుగుబాటుతో మండి చల్లబడింది. ఆ పాట రాసింది 1970లో విప్లవ రచయితల సంఘానికి (విరసం) తొలి అధ్యక్షుడైన కవి. దానికీ జాతీయ అవార్డే వచ్చింది, తెలుగు పాటకు అదే మొదటిసారి. అయితే షోస్తకోవిచ్ మాటలు లేకపోవడం చాటున నిలబడగా, శ్రీశ్రీకి సినిమా కథే అడ్డం నిలిచింది: తిట్టింది తెల్లవాణ్ణే కదా, సెన్సారు వారికి ఇబ్బంది ఏముంటుంది?

11వ సింఫనీ వచ్చిన కొత్తలో పాశ్చాత్య విమర్శకులు వేసిన నింద ఒకటుంది. ఇది సినిమా లేని సినిమా సంగీతం అని. నింద వేసినంత తేలిక కాదు అందులోని నిజం. షోస్తకోవిచ్ 30కి పైగా సినిమాలకు సంగీతం రాసినవాడు. తెర మీద మంచు, గుంపు, బూట్ల చప్పుడు ఎలా వినిపించాలో ఆయనకు చేతనైన విద్య. మన పాటది సరిగ్గా ఎదురు దారి. సినిమా కోసం పుట్టి సినిమాను వదిలేసింది. అది కృష్ణ నూరో చిత్రమనీ, తెలుగులో మొదటి సినిమాస్కోప్ అనీ తెలియని పిల్లలు కూడా బడిలో పాడతారు. ఒకటి సినిమాను వెతుక్కుంటుందన్న మాట పడగా, మరొకటి సినిమా అక్కర్లేకుండా బతుకుతోంది. ఈ రెంటినీ దగ్గర పెట్టి విన్నాక, సినిమా సంగీతం అనేది తిట్టని నేను అనుకోలేకపోతున్నాను.

ఇంతకీ సింఫనీలో మాటలు నిజంగా లేవా? ఉన్నాయి, పాడేవాళ్లే లేరు. ఖైదీల పాటలు, ‘వార్షవ్యాంక’ లాంటి ఉద్యమ కవాతు పాటలు, చనిపోయినవాళ్లను సాగనంపేటప్పుడు పాడే ‘మీరు బలయ్యారు’ అనే పాట, 1951లో తానే కట్టిన బృందగానంలోని వరుసలు, వీటన్నిటినీ షోస్తకోవిచ్ వాద్యాలకు అప్పగించాడు. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం ఘంటసాల పాట ఎత్తుకుంటే మన నోట్లో మాటలు వాటంతటవే తిరుగుతాయి చూడండి, లెనిన్‌గ్రాడ్ శ్రోతకు ఇదీ అంతే. మూడో భాగంలో వయోలాలు ఆ శోకగీతాన్ని మెల్లగా అందుకుంటే, హాల్లో మాటలు తెలియనివాళ్లు ఉండరు. 1959 నాటి మొదటి చెల్లో కన్సర్టోలో ఇదే పని తలకిందులుగా చేశాడు. స్టాలిన్‌కు ఇష్టమైన ‘సులికో’ పాటను గుర్తుపట్టలేనంతగా విరిచి చివరి భాగంలో దాచాడు.

రికార్డుల దగ్గర నాకు తేడా ఇక్కడే తెలిసింది. ఎవ్‌గెనీ మ్రావిన్‌స్కీ 1938 నుంచి లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మోనిక్‌కు పెద్దదిక్కు. ఆ కాల్పులు జరిగిన ఊరి వాద్యబృందం అది. 1959 నాటి వాళ్ల రికార్డులో ధ్వని ఇరుకు, ఇత్తడి వాద్యాలు చెవిలో గీరుకుంటాయి. అయినా రెండో భాగంలో సైడ్ డ్రమ్ము కాల్పులు మొదలుపెట్టి, చెల్లోలూ బేసులూ కింద నుంచి తరుముకొస్తూ, ఆఖరికి ఒక్కసారిగా అంతా తెగిపోయి మంచులాంటి నిశ్శబ్దం మిగిలే చోటుకు మ్రావిన్‌స్కీని మించినవాణ్ణి నేను వినలేదు. అతను జాలిపడడు, ఆగడు. పాటలు కొత్తగా పరిచయం చేస్తున్నట్టు కాకుండా, తెలిసినవాళ్ల మధ్య తెలిసినదాన్నే గుర్తుచేసుకున్నట్టు వెళ్లిపోతాడు.

లియొపోల్డ్ స్టొకోవ్‌స్కీ 1958లో అమెరికాలో ఈ సింఫనీని తొలిసారి వినిపించి, టెక్సస్‌లోని హ్యూస్టన్ వాద్యబృందంతో రికార్డు చేశాడు. ఆ చమురు పట్నంలో ఆ పాటల మాటలు ఎవరికి తెలుసు? అందుకే అతను వాటిని మాటల్లేని రాగాలుగా, ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని తిప్పి చూపిస్తాడు. మొదటి భాగం ‘రాజభవన ప్రాంగణం’ చూడండి: తంత్రీ వాద్యాలూ హార్పులూ పరిచిన చలి, కింద టింపనీ గొణుగుడు, దూరంగా బాకాల పిలుపు. ఇంకా ఏమీ జరగలేదు గానీ జరగబోతోంది. ఆ ఎదురుచూపు స్టొకోవ్‌స్కీ దగ్గర నిజమైన విశాలంతో, ఆ కాలానికి అబ్బురమైన స్టీరియో ధ్వనిలో పరుచుకుంటుంది. మ్రావిన్‌స్కీ జ్ఞాపకం వాయించగా స్టొకోవ్‌స్కీ దృశ్యం వాయించాడు. భాష రానివాడు మన అల్లూరి పాటను విన్నా ఇలాగే వింటాడేమో, ఘంటసాల గొంతునే వింటాడు.

నాలుగు భాగాలూ ఆగకుండా సాగాలని రాసిన గంట సంగీతాన్ని ఎల్పీ రికార్డు పక్కలుగా కోసింది. చలి చల్లగా ఉండగానే లేచి పళ్లెం తిరగెయ్యాలి. మన సినిమా పాటకు ఆ బాధ లేదు, చిన్న రికార్డు కొలతకే అది పుట్టింది. అది పాపం కాదు, అదొక శిల్పం. పల్లవి పిలుపు, చరణం కారణం, మళ్లీ పిలుపు. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల నుంచి వచ్చి, 1957లోనే ‘సువర్ణసుందరి’ రాగమాలికతో దేశాన్ని ఊపిన ఆదినారాయణరావుకు ఈ పొదుపు బాగా తెలుసు.

గొంతు సంగతికొస్తే నాకు గుర్తొచ్చేది సింఫనీ కాదు, కన్సర్టో. గుంపుకు ఎదురుగానో గుంపుకు ముందుగానో నిలబడ్డ ఒక్కడి పాట. 1958 మేలో షోస్తకోవిచ్ పారిస్ వెళ్లాడు. ఆంద్రే క్లూయితాన్స్ అక్కడి రేడియో వాద్యబృందంతో 11వ సింఫనీని రికార్డు చేస్తుంటే దగ్గరే ఉన్నాడు. అదే బృందంతో తన రెండు పియానో కన్సర్టోలనూ తానే కూర్చుని వాయించాడు. చిలిపిగా, వేగంగా, అక్కడక్కడ తడబడుతూ వాయించాడు. కుడిచేయి మొరాయించడం ఆ ఏడాదే మొదలైంది. ఘంటసాల అల్లూరి పాట పాడేనాటికి ఆయన ఒళ్లూ అలాగే సహకరించడం లేదు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయాడు, సినిమా మేలో వచ్చింది. ఆ పాటలో పిలుపు గట్టిగానే ఉంది. దాని అడుగున ఉన్న అలసట వింటేనే తెలుస్తుంది. రాజు కథకు ఆ అలసట వన్నె తెచ్చిందని నా అభిప్రాయం. అరుపు ఎవరైనా అరుస్తారు.

ఇక లోటు. షోస్తకోవిచ్ తిరగబడ్డవాళ్లు పాడుకున్న పాటలనే తెచ్చి సింఫనీలో కూర్చోబెట్టాడు. మన పాటలో తిరగబడ్డవాళ్ల బాణీ లేదు. చింతపల్లి అడవుల్లో సినిమా తీశారు గానీ, పాట మద్రాసు వాద్యబృందపు కవాతు. అడ్డతీగల, రంపచోడవరం చుట్టుపక్కల కొండరెడ్ల పాట గానీ కోయల రేల గానీ ఆ స్వరాల్లో వినబడవు. 1882 అటవీ చట్టం పోడును అడ్డుకుంటే, గూడెం ఘాట్ రోడ్డుకు కూలి సరిగా ఇవ్వక పని చేయిస్తే లేచినవాళ్లు వాళ్లు. గాం గంతందొర, మల్లుదొర ఆ తిరుగుబాటులో ముందున్నవాళ్లు. అయితే ఆదినారాయణరావును దీనికి బోను ఎక్కించను. సోవియట్ సంగీతకారుడికి ఆ ఉద్యమ పాటలు అచ్చయి, బడుల్లో నేర్పే స్థితిలో చేతికందాయి. మన సంగీతకారుడికి అలాంటి సంచి ఎవరూ అందించలేదు. అలాగే ఆ సింఫనీలో ఉన్నవి పట్నపు కార్మికుల, చదువుకున్న ఖైదీల పాటలు. రష్యా పల్లె రైతు గొంతు అక్కడా పలచనే.

నా మటుకు తీర్పు ఇది. సింఫనీకి కొత్తవారైతే మొదటి భాగం స్టొకోవ్‌స్కీలో, రెండో భాగం మ్రావిన్‌స్కీలో వినండి. చివరి భాగంలో గంటలు మోగకముందు ఇంగ్లిష్ హార్న్ ఒంటరిగా పాడే పొడవైన శోకం కోసం మళ్లీ మ్రావిన్‌స్కీకే రండి. ఆ వెంటనే ‘తెలుగు వీర లేవరా’ పెట్టుకోండి, మైకులో కాదు, ఇంట్లో, తక్కువ సౌండులో. మన్యంలో పనిచేసే టీచర్లకూ, విశాఖ ఆకాశవాణి వారికీ ఒక మాట: అడ్డతీగల, రాజవొమ్మంగి, గంగవరం మండలాల్లో పెద్దవాళ్లు పాడే పాటలను మంచి మైకుతో, పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాసి రికార్డు చేసి పెట్టండి. రేపు ఎవరైనా మన్యం మీద పెద్ద సంగీతం రాయాలనుకుంటే వాళ్లకు కావాల్సింది ముందు అదే.