రెండో చుట్టు

సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం గంట కొట్టే వేళకి జనం మూగుతారు. వెనక నిలబడ్డవాళ్లకు ముందువాళ్ల తలలూ, పైకెత్తిన సెల్‌ఫోన్లూ తప్ప ఇంకేమీ కనపడదు. అన్ని గదులూ తిరిగి బయటపడేసరికి కాళ్లు పీకుతాయి, కళ్లు అంతకుముందే మొరాయిస్తాయి. అందుకే నా ఓటు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి. పనిరోజుల్లో మధ్యాహ్నం వెళ్తే పెద్దగా సందడి ఉండదు.

అక్కడ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా ఉంది. మనింట్లో గాడ్రెజ్ బీరువా లాంటిది అనుకునేరు! భవనంలో ఒక పక్క పొడవునా, సుమారు 176 అడుగులు, రెండంతస్తుల్లో బర్మా టేకు తలుపులు. పై అరలు అందుకోవడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. ఆయన ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడిగేవాడు కాదని చెబుతారు. వచ్చినవాళ్లు ఆ మాటకి నోరెళ్లబెట్టి ముందుకెళ్లిపోతారు. నాకేమో లిఫ్టు దగ్గరే ఆగాలనిపిస్తుంది. దాన్ని నిజాం తిప్పి ఉండడు కదా. తిప్పినవాడికి ఏ అరలో ఏ షేర్వాణీ ఉందో కంఠతా వచ్చి ఉండాలి. తలుపుల అంచుల్లో చేతులు పడీపడీ నునుపెక్కిన చోట్లు వెతుక్కుంటూ నడుస్తాను. అతని సంగతి చెప్పే చీటీ ఎలాగూ ఉండదు.

నా పద్ధతి ఇంతే. మొదటి చుట్టులో ఏ చీటీ చదవను, ఊరికే తిరిగేస్తాను. రెండో చుట్టులో ఒక్క వస్తువు దగ్గరే ఆగి, దాన్ని ఎవరు చేశారు, ఎవరు మోశారు, ఎవరు తుడిచారు అని చూస్తాను.

1937లో ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన వెండి బంగారు కానుకలు కూడా ఇక్కడే ఉన్నాయి. వాటిలోని వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బాని 2018లో దొంగలెత్తుకుపోయారు. కొద్దిరోజుల్లోనే దొరికింది. దొంగల్లో ఒకడు అందులోనే భోజనం చేశాడని పోలీసులు చెప్పారు. కానుకగా ఇచ్చిన ఆ డబ్బాలో నిజంగా అన్నం పెట్టుకు తిన్న మొదటి మనిషి అతనేనేమో!

దోమలగూడలోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియం ఇంకా చిన్నది. జగదీశ్ మిట్టల్ శాంతినికేతన్‌లో చదివిన చిత్రకారుడు. భార్యాభర్తలిద్దరూ ఏళ్ల తరబడి ఏరికోరి సేకరించిన కళాఖండాలివి. బిద్రీ హుక్కా కుండ ముందు నిలబడితే అందరి చూపూ వెండి పువ్వుల మీదికే పోతుంది. నేనైతే ఆ నలుపుని చూడమంటాను. అది రంగు కాదు. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోస్తారు, ఉలితో గీతలు చెక్కుతారు, వాటిలో వెండి తీగ కొట్టి కూరుస్తారు. ఆ తర్వాత బీదర్ కోట మట్టిలో నవాసారం కలిపిన నీళ్లతో పని. పోత లోహం నల్లబడిపోతుంది, వెండికి మాత్రం ఏమీ అంటదు. పక్కకి ఒరిగి వాలుగా చూస్తే తీగ అంచు ఎక్కడ కలిసిందో పట్టుకోవచ్చు, కళ్లజోడు తుడుచుకుని వెళ్తేనే సుమా.

మిట్టల్ మ్యూజియానికి ముందుగా అడిగి వెళ్లాలి. పురానీ హవేలీకి శుక్రవారం సెలవు.