ఇన్వర్టర్ తినేసే ఎండ

వ్యాన్ మీద సోలార్ ప్యానెల్ బిగించి, ఆగినచోటే ల్యాప్‌టాప్ తెరిచి పని చేసుకోవాలనుకునేవాళ్లు ముందుగా ఇన్వర్టర్ కొంటారు. ల్యాప్‌టాప్ కోసమే అయితే అది అక్కర్లేదని నా వాదన. ప్యానెల్ ఇచ్చేది డీసీ, బ్యాటరీలో ఉండేది డీసీ, ల్యాప్‌టాప్‌కు కావలసిందీ డీసీయే. ఇన్వర్టర్ మాత్రం ఆ 12 వోల్టులను 230 వోల్టుల ఏసీ చేస్తుంది. ల్యాప్‌టాప్ అడాప్టర్ దాన్ని మళ్లీ 20 వోల్టుల డీసీకి దించుతుంది. మార్చిన ప్రతిసారీ కొంత వేడిగా పోతుంది. పనిచేస్తున్న అడాప్టర్‌ని పట్టుకుంటే చేతికి తగిలే వెచ్చదనం ఆ పోయిన కరెంటే. అయినా అసలు నష్టం ఇది కాదు. ఏమీ తగిలించకపోయినా ఇన్వర్టర్ ఆన్‌లో ఉన్నంతసేపూ కొంత కరెంటు లాగుతూనే ఉంటుంది. గంటకు 10 వాట్-అవర్లే అనుకున్నా రోజుకు 240. నలభై వాట్లు లాగే ల్యాప్‌టాప్ మీద ఆరు గంటలు పని చేసినా అయ్యేది అంతే. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజంతా కష్టపడితే వచ్చేది 400కు అటూ ఇటూగా ఉంటుంది.

కాబట్టి బ్యాటరీ నుంచి నేరుగా టైప్-సి చార్జర్‌కు వెళ్లడమే మేలు. యూఎస్‌బీ పవర్ డెలివరీ పద్ధతిలో చార్జరూ ల్యాప్‌టాపూ ఎంత వోల్టేజీ కావాలో తమలో తాము తేల్చుకుంటాయి. 20 వోల్టుల దగ్గర 100 వాట్ల దాకా అందుతుంది. అయితే వైరింగ్‌లో పిసినారితనం పనికిరాదు. 100 వాట్లకు 12 వోల్టుల వైపు 9 ఆంపియర్లు ప్రవహిస్తాయి, సన్న తీగ వేడెక్కుతుంది, వోల్టేజీ పడిపోతుంది. లావు తీగ వేయాలి, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు పెట్టాలి. కేబుల్ కూడా 5 ఆంపియర్లదే కావాలి, మామూలుది 60 వాట్ల దగ్గరే ఆగిపోతుంది.

మిక్సీ, రైస్ కుక్కర్ సంగతేమిటంటారా? వాటికి ఇన్వర్టర్ ఉండాల్సిందే, వంటయ్యాక స్విచ్ ఆపేస్తే చాలు. గుండ్రటి పిన్ను ఉన్న పాత ల్యాప్‌టాప్‌లకు కారు అడాప్టర్లు దొరుకుతాయి. 200 వాట్లు దాటే గేమింగ్ ల్యాప్‌టాప్‌లకు మాత్రం చాలాసార్లు ఇన్వర్టరే గతి. ఇంకో ప్యానెల్ వేసుకుంటే ఈ లెక్కలన్నీ ఎందుకనే మాటకే కొంత బలం ఉంది. కానీ వ్యాన్ పైన చోటు కొంతే. శ్రావణ మాసపు ముసురులో దిగుబడి నాలుగో వంతుకు పడిపోయిందనుకోండి, రెండు ప్యానెళ్లూ కలిసి ఇచ్చేది 200 వాట్-అవర్లు. ఇన్వర్టర్‌ను ఊరికే ఆన్‌లో ఉంచడానికే అది చాలదు.